మాత్ర అనగా కొలత

మా కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, తెలుగు అధ్యాపకులం గనుక ఏ కావ్యాన్ని గురించో, ఏ కవిని గురించో వ్రాస్తామని వారు భావించి ఉంటారు. ఈ సంవత్సరానికి ఆ ఆశ వదులుకోవలసిందిగా వారికి మనవి. మేము వ్రాయదలచినది మందుల కొట్టును గురించి. ఇంకా సరిగా చెప్పాలంటే, మందుల కొట్టులో నిలబడే అర్హత కోసం పరీక్షకు చదువుతున్న మన పిల్లలను గురించి, వారికి తప్పక తెలిసి ఉండవలసిన కొన్ని సంగతులను గురించి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివిన వారికి ఔషధశాస్త్రంతో ఏమి పని అని ఎవరైనా అడిగితే, ఈ నాలుగు పుటలూ చదివి చూడమనటం కంటే మా వద్ద వేరే సమాధానం లేదు.

మా స్వగ్రామం రోలుగుంట. నర్సీపట్నం ప్రాంతంలో, మన్యపు కొండలు కంటికి కనబడే మండల కేంద్రం. 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్నది. ఊరి పేరులోనే రోలు ఉన్నది. ఔషధశాస్త్రానికి దేశదేశాలలోనూ గుర్తు రోలూ రోకలీ అన్న సంగతి మీకు విదితమే. వైద్యులు దానిని కల్వం అన్నారు, మా ఇంట్లో పెద్దలు హావన్ దస్తా అంటారు. ఊరి పేరుకు, మందులకు సంబంధం అంటగట్టటం మా ఉద్దేశం కాదు. అది ధాన్యం దంచుకొన్న రోలే కావచ్చు. అయినా వేసవి సెలవులలో మా వసారాలో చేరే పిల్లలు ఆ పేరు చెప్పుకొని నవ్వుకొంటారు.

ఆ చేరేవారు ఆరేడుగురు. మా కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి డి.ఫార్మసీలో చేరినవారు కొందరు, మా ఊరివారు కొందరు, చింతపల్లి వైపు నుంచి వచ్చి బంధువుల ఇంట ఉండి చదువుకొంటున్న గిరిజన విద్యార్థి ఒకడు. ఇంగ్లీషు ప్రశ్నలకు అర్థం చెప్పండి మాస్టారూ అని పుస్తకాలు పట్టుకొని వస్తారు. మేము వాక్యం విడదీసి చెబుతాము. విషయం వారు మాకు చెబుతారు. ఇట్లా నాలుగైదు వేసవులు గడిచేసరికి, ఎవరు ఎవరికి పాఠం చెప్పినదీ తేల్చటం కష్టమైపోయినది.

డి.ఫార్మసీ రెండేళ్ల చదువు, ఆపైన కనీసం 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ. పూర్వం ఇవి ముగిస్తే రాష్ట్ర ఫార్మసీ కౌన్సిలులో పేరు నమోదు చేయించుకోవటానికి చాలినది. 2022లో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిష్క్రమణ పరీక్ష నిబంధనలను ప్రకటించినది. తొలి పరీక్ష 2024 అక్టోబరులో జరిగినది. మూడు పేపర్లు. మందుల తయారీ, వాటి పని తీరు, మూలికల శాస్త్రం ఒకదానిలో. రసాయనశాస్త్రం, జీవరసాయనం, ఆసుపత్రి ఫార్మసీ రెండవదానిలో. చట్టాలు, మందుల దుకాణ నిర్వహణ మూడవదానిలో. ప్రతి పేపరులోనూ విడివిడిగా 50 శాతం రావాలి. ప్రశ్నలు ఇంగ్లీషులో, నాలుగు సమాధానాలలో ఒకదానిని ఎన్నుకొనే పద్ధతిలో ఉంటవి. గల్ఫు దేశాలకు వెళ్లదలచినవారికి అక్కడి లైసెన్సు పరీక్షలు వేరే.

పరీక్ష పెట్టటం మీద మాకు ఆక్షేపణ లేదు. ఇంగ్లీషు మీద అసలే లేదు. కాని నాలుగింటిలో సరైనదానిని గుర్తించటం ఒక విద్య, ఎదుట నిలబడిన ముసలమ్మకు ఆ సరైనదానిని ఆమె మాటలో చెప్పగలగటం వేరొక విద్య. ఆమెకు ఏ, బీ, సీ, డీ లు కనబడవు. ఇంటికి వెళ్లేటప్పుడు ఆమె చేతిలో ఉండేది బిళ్లల అట్ట, చెవిలో ఉండేది మీరు పలికిన ఒక్క వాక్యం. ఈ రెండవ విద్యను ఏ పేపరూ పరీక్షించటం లేదు. తెలుగు అధ్యాపకులకు ఇక్కడ పని ఉన్నదని మేము అనుకొన్నది అందుకే.

ఛందస్సు పాఠంలో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని మీచేత వల్లె వేయించినాము. మాత్ర అనగా కొలత. మందుబిళ్లకు ఆ పేరు పెట్టినవారు ఎవరోగాని, శాస్త్రం అంతా ఆ రెండక్షరాలలో ఇమిడ్చినారు. విషానికి, ఔషధానికి తేడా మోతాదులోనే ఉన్నదని 16వ శతాబ్దంలో పారసెల్సస్ చెప్పిన మాటను పాశ్చాత్య గ్రంథాలు ఎంతో గొప్పగా పేర్కొంటవి. మన మాటలో అది ముందే ఉన్నది.

ఉదాహరణకు పారాసెటమాల్ చూడండి. పిల్లలకు బరువులో కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. ఎనిమిది కిలోల బిడ్డకు 120 మిల్లీగ్రాములు. ఇంతవరకు అందరూ చెప్పగలరు. అయితే సిరప్పులలో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది ఒకటి. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100. మొదటి సీసా అయితే ఆ బిడ్డకు 5 మిల్లీలీటర్లు, రెండవదైతే 2.4, చుక్కల మందైతే 1.2. “ఒక చెంచా పట్టండమ్మా” అని చెప్పి చుక్కల సీసా చేతిలో పెడితే, బిడ్డ కడుపులో పడేది 500 మిల్లీగ్రాములు, నాలుగింతల పైన. అదే రోజుకు నాలుగుసార్లు పడితే కాలేయానికి ముప్పు. దీనికి విరుగుడు ఎన్-అసిటైల్ సిస్టిన్ అని మా పిల్లలందరూ నిద్రలో అడిగినా చెబుతారు. మన ఇండ్లలో చెంచాలు ఎన్ని సైజులలో ఉంటవో, సీసా మూతతో వచ్చే కొలత గిన్నెను ఏమి చేస్తారో వారిని అడిగితే ఎవరూ చెప్పలేకపోయినారు. (మా ఇంట్లో ఆ గిన్నె మసాలా డబ్బాలోకి చేరినది.)

శాతాల లెక్క కూడా ఇటువంటిదే. ఒక శాతం ద్రావణం అంటే 100 మిల్లీలీటర్లలో ఒక గ్రాము, అనగా మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు. ఇది పట్టుబడితే 2 శాతం లిగ్నోకెయిన్ 30 మిల్లీలీటర్ల సీసాలో 600 మిల్లీగ్రాములు ఉన్నవని నోటితోనే చెప్పవచ్చు. అడ్రినలిన్ 1:1000 అంటే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము, 1:10,000 అంటే దానిలో పదవవంతు. ఒక సున్న తేడా. ప్రాణం మీదికి వచ్చిన వేళ చేతిలోకి తీసుకొనే మందు అది. ఆ సున్న ఎక్కడ ఉన్నదో అప్పుడు వెదుక్కోరాదు.

ఓ.ఆర్.యస్. విషయంలో కొంచెం ఆగవలసి ఉన్నది. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ఇది: లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9, వెరసి 20.5 గ్రాములు. గ్లూకోజు రుచి కోసం కాదు. పేగు గోడలో గ్లూకోజు లోపలికి పోయేటప్పుడు సోడియాన్ని వెంట తీసుకొనిపోతుంది, ఆ వెనుక నీరు పోతుంది. ఈ నిష్పత్తి తప్పితే పని తప్పుతుంది. పల్లెలలో పెద్ద ప్యాకెట్టు విప్పి గ్లాసుకు కాస్త చొప్పున కలిపి, మిగిలినది మడిచి పెట్టుకొంటారు. గ్లాసులో ఎంత పడినదీ ఎవరికీ తెలియదు. కాబట్టి “ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపండి, రేపటికి ఉంచకండి” అన్న వాక్యాన్ని మందుతోపాటు ఇవ్వాలి. పండ్లరసం పెట్టెల మీద ఓ.ఆర్.యస్. అన్న అక్షరాలు వేసి అమ్మటం మీద హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడినారు. చక్కెర మితిమీరిన ఆ పానీయం విరేచనాలను ఇంకా పెంచుతుంది. చివరకు 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఆహార పానీయాల పేర్లలో ఆ అక్షరాలు వాడరాదని ఆదేశించినది. మూడు అక్షరాల కోసం ఇంత పోరాటమా అని ఒకరు మాతో అన్నారు. భాష చెప్పుకొని బ్రతికే మాకు అది చిన్న పోరాటంగా తోచలేదు.

అక్షరం మీద చట్టం ఆధారపడిన సందర్భం ఇంకొకటి ఉన్నది. ఉర్దూ విభాగం మిత్రులకు ఇది ప్రీతి కలిగించవచ్చు. సిరప్ అన్న మాట అరబ్బీ ‘షరాబ్’ నుంచి, ఆల్కహాల్ ‘అల్ కుహ్ల్’ నుంచి, ఎలిక్సిర్ ‘అల్ ఇక్సీర్’ నుంచి ఐరోపా భాషలకు చేరినవి. ఇక్సీర్ అంటే రసవాదులు వెదికిన దివ్య పదార్థం. వైద్య పరిభాషలో అది ఆల్కహాలు కలిసిన తీయని ద్రవౌషధానికి పేరైనది. 1937లో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫానిలమైడ్ మందును ద్రవంగా చేయటానికి డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషంలో కరిగించి, ఎలిక్సిర్ అని పేరు పెట్టి అమ్మినది. వందమందికి పైగా చనిపోయినారు. వారిలో పసిపిల్లలు అనేకులు. అప్పటి అమెరికా చట్టంలో, అమ్మకానికి ముందు మందు సురక్షితమో కాదో పరీక్షించాలన్న నియమమే లేదు. ఆల్కహాలు లేని ద్రవానికి ఎలిక్సిర్ అని పేరు పెట్టటం తప్పుడు పేరు అన్న ఆధారంతోనే అధికారులు ఆ సీసాలను పట్టుకోగలిగినారు. మరుసటి సంవత్సరం అక్కడ కొత్త చట్టం వచ్చినది. ఆ విషం మాత్రం పోలేదు: 2022లో గాంబియాలో, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు మందు తాగిన పిల్లలు ఆ గ్లైకాల్ వల్లనే మూత్రపిండాలు చెడి మరణించినారు.

మన చట్టాల పాఠం పెద్దది. పరీక్షకు మూడు నాలుగు సంగతులు ఉంటే గట్టెక్కవచ్చు. 1940 నాటి ఔషధ చట్టం, 1945 నాటి నియమాలు, 1948 నాటి ఫార్మసీ చట్టం. ఆ ఫార్మసీ చట్టం 42వ సెక్షను ప్రకారం వైద్యుని చీటీ మీద మందు కలిపి ఇచ్చే అధికారం నమోదైన ఫార్మసిస్టుదే. షెడ్యూల్ హెచ్ మందు చీటీ లేనిదే ఇవ్వరాదు. 2014 మార్చి నుంచి అమలులోకి వచ్చిన హెచ్-1 జాబితాలోని మందులకు, అనగా కొన్ని శక్తిమంతమైన యాంటీబయాటిక్కులు, క్షయ మందులు, నిద్ర మందులు మొదలైనవాటికి, వైద్యుని పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం రిజిస్టరులో వ్రాసి మూడేళ్లు ఉంచాలి. షెడ్యూల్ ఎక్స్ అయితే చీటీ రెండు ప్రతులలో ఉండాలి, ఒకటి కొట్టులో రెండేళ్లు భద్రపరచాలి. ఇంతకంటే వివరం మీ పాఠ్యపుస్తకంలో ఉన్నది.

చీటీ మీద వైద్యులు వ్రాసే గుర్తులు లాటిన్ భాషవి. ఓ.డి. రోజుకు ఒకసారి, బి.డి. రెండుసార్లు, టి.డి.యస్. మూడుసార్లు, ఏ.సి. భోజనానికి ముందు, పి.సి. భోజనం తరువాత, హెచ్.యస్. పడుకొనే వేళ. కంటి వైద్యుని చీటీలో అదే ఓ.డి. కుడి కన్ను అవుతుంది. మన వైద్యులు చాలామంది 1-0-1 అని వ్రాస్తారు. అది ఎంతో మేలైన పద్ధతి అని మా అభిప్రాయం, ఏ భాషవారికైనా అర్థమవుతుంది గనుక. ఏ.సి. అన్న దానికి పిల్లలు ‘భోజనమునకు పూర్వము’ అని వ్రాసుకొన్నారు. థైరాయిడ్ మాత్రకు అది చాలదు. మధ్యాహ్నం భోజనానికి ముందు వేసుకొన్నా భోజనానికి పూర్వమే కదా! దానికి మన అమ్మమ్మల మాట ఉన్నది: పరగడుపున. తెల్లవారి లేచి ఏమీ తినక, తాగక ముందు అని అంతా ఆ ఒక్క మాటలో ఉన్నది. లెవోథైరాక్సిన్ కు ఇంతకంటె మంచి లేబులు మేము చూడలేదు.

వారానికి ఒకసారి వేసుకొనే మందులు కొన్ని ఉన్నవి. వాటికి లాటిన్ గుర్తు లేదు, 1-0-1 కూడా పనికిరాదు. ఈ మాట వ్రాస్తుంటే మా ఫూఫీ గారు, అనగా మా మేనత్త గారు, గుర్తుకు వస్తున్నారు. మూడేళ్ల కిందట ఆమెకు కీళ్లవాతం ముదిరినది. పట్నంలో ఒక వైద్యుని వద్ద చూపించినారు. మెథోట్రెక్సేట్ 7.5 మిల్లీగ్రాములు ఆదివారం నాడు ఒకటి, మిగిలిన రోజులలో ఫోలిక్ ఆమ్లం ఒకటి వ్రాసినారు. చీటీలో దోషం లేదు. మందులిచ్చిన కొట్టులో కుర్రవాడు “ఇది వారానికి, ఇది రోజూ” అని వేలితో చూపి, రెండు అట్టలనూ ఒకే కవరులో వేసినాడు. కవరు మీద ఏమీ వ్రాయలేదు. రెండూ పసుపుపచ్చని చిన్న బిళ్లలు. అట్టల మీద పేర్లు ఇంగ్లీషులో ఉన్నవి. ఫూఫీ గారు ఉర్దూ చక్కగా చదువుతారు, తెలుగు కూడబలుక్కొని చదువుతారు, ఇంగ్లీషు రాదు. ఇంటికి వచ్చేసరికి రెండు అట్టలూ తారుమారైనవి.

తొమ్మిది రోజులు ఆమె మెథోట్రెక్సేట్ రోజూ వేసుకొన్నారు. నోరంతా పూసినది. అన్నం మింగలేకపోయినారు. వేడి చేసినదని ఇరుగుపొరుగు వారు మజ్జిగ, సబ్జా గింజలు పంపినారు. ఆ సాయంకాలం చదువుకోవటానికి మా ఇంటికి వచ్చిన ఒక అమ్మాయి, అప్పుడు డి.ఫార్మసీ రెండవ సంవత్సరం, పలకరించటానికి లోపలికి వెళ్లినది. నోటి పుండ్లు చూసినది. పక్కన ఉన్న కవరు తీసి చూసినది. “మామ్మగారూ, ఆదివారం వేసే బిళ్ల ఏది, రోజూ వేసే బిళ్ల ఏది?” అని అడిగినది. పేర్లు చెప్పలేదు, వేలితో చూపనూ లేదు. ఆమె చేతనే చూపించినది. ఫూఫీ గారు రెండూ తిరగవేసి చూపినారు. ఆ అమ్మాయి బయటకు వచ్చి, “మాస్టారూ, ఇప్పుడే బండి మాట్లాడండి, తెల్లారేదాకా ఆగకూడదు” అని మాతో చెప్పినప్పుడు ఆమె గొంతు వణుకుతున్నది. అయినా ఏ పరీక్ష చేయించాలో, ఏ విరుగుడు అడగాలో కాగితం మీద వ్రాసి ఇచ్చినది.

విశాఖపట్నంలో చేర్చినాము. రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయినవి. ఫోలినిక్ ఆమ్లం సూదులు ఇచ్చినారు. పదమూడవ రోజున ఇంటికి వచ్చినారు, అల్లా దయవల్ల ఇప్పటికీ మాతోనే ఉన్నారు.

ఫోలిక్ ఆమ్లం ఇంట్లోనే ఉన్నది కదా, దానినే ఎక్కువగా వేస్తే సరిపోదా అని మేము అడిగినాము. ఇది పరీక్షలో వచ్చే ప్రశ్నేనట. ఫోలిక్ ఆమ్లం శరీరానికి పనికిరావాలంటే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము దానిని మార్చాలి. మెథోట్రెక్సేట్ పట్టి బంధించేది ఆ ఎంజైమునే. తలుపు మూసి ఉండగా వాకిట్లో ఎంత బియ్యం కుప్పపోసినా వంటింట్లోకి చేరదు. ఫోలినిక్ ఆమ్లం ఆ తలుపుతో పని లేకుండానే లోపలికి చేరే రూపం. ఈ పోలిక ఆ అమ్మాయిదే, మాది కాదు.

ఈ రెండు మందుల వెనుకా ఉన్నది ఒక తెలుగువాడు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో జన్మించినారు. మద్రాసులో వైద్యం చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పి, అమెరికా వెళ్లి హార్వర్డులో పనిచేసినారు. మీరు జీవరసాయనంలో చదివే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి, భాస్వరాన్ని లెక్కగట్టేది, 1925 నాటిది. 1940లో లెడర్లీ సంస్థలో చేరినారు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది ఆయన నాయకత్వంలోని బృందమే. దానికి విరోధులైన అమినోప్టెరిన్‌ను, మెథోట్రెక్సేట్‌ను ఇచ్చినదీ ఆ బృందమే. బాస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు ఉన్న పిల్లలకు అమినోప్టెరిన్ వాడి ఫలితం ప్రకటించినది 1948 జూన్‌లో. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూసినారు. మన కోస్తా జిల్లాలను పీడించిన బోదకాలుకు వాడే డైఎథిల్ కార్బమజైన్ కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చినది. భీమవరం మనిషి కనుగొన్న మందు మీద వాడే పద్ధతి తెలుగులో ఒక్క ముక్క లేకపోవటం మాకు మింగుడుపడలేదు. మరునాడు ఆ అమ్మాయి అట్ట మీద కాగితం అంటించి ‘ఆదివారం మాత్రమే’ అని తెలుగులో, ‘సిర్ఫ్ ఇత్వార్’ అని ఉర్దూలో వ్రాసినది. మాత్రమే అన్న మాటలో కూడా మాత్ర ఉన్నదని మేము అప్పుడే గమనించినాము.

ఇక మన ప్రాంతానికి సొంతమైన జబ్బు మలేరియా. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ చూసినది సికిందరాబాదులో, 1897 ఆగస్టు 20న. మన్యంలోని చలిజ్వరం అంతకు ముందూ ఉన్నది, ఆ తరువాతా ఉన్నది. వైవాక్స్ రకానికి మూడు రోజుల క్లోరోక్విన్‌తోపాటు 14 రోజుల ప్రైమాక్విన్ ఇస్తారు. రెండు మూడు రోజులలో జ్వరం తగ్గుతుంది, మనిషి పొలానికి పోతాడు, ప్రైమాక్విన్ గూట్లో ఉండిపోతుంది. కాలేయంలో నిద్రపోతున్న క్రిమి కొన్ని వారాలకో నెలలకో లేస్తుంది. ఇంగ్లీషు పుస్తకంలో దీనికి రిలాప్స్ అని పేరు. పిల్లలు ‘పునరావృతి’ అని వ్రాసుకొన్నారు. చింతపల్లి కుర్రవాడు నవ్వి, “తిరగబెట్టటం అంటారు సార్” అన్నాడు. “జ్వరం తగ్గినా ఈ బిళ్లలు పద్నాలుగు రోజులూ వేయాలి, లేకుంటే తిరగబెడుతుంది” అంటే అర్థం కానివారు మా మండలంలో ఉండరు. గర్భిణులకు, పసిబిడ్డలకు ప్రైమాక్విన్ ఇవ్వరాదన్నదీ, జి-6-పి-డి లోపం ఉన్నవారిలో ఎర్రకణాలు చిట్లి మూత్రం నల్లబడుతుందన్నదీ వెంటనే గుర్తుంచుకోవలసినవి.

మూలికల శాస్త్రాన్ని పిల్లలు బొత్తిగా నిర్లక్ష్యం చేస్తారు. అడటోడ వాసిక అని బట్టీ పెడతారు. పెరటి కంచెలోని అడ్డసరం అదేనని తెలియదు. దానిలోని వాసిసిన్ నుంచే బ్రోమ్‌హెక్సిన్ రూపొందినది. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ ఇచ్చే బిళ్లగన్నేరు మా వీధి అరుగుల పక్కన పూస్తున్నది. స్ట్రిక్నిన్ ఉన్న ముషిణి గింజలు మన్యపు సంతలకు వస్తవి. ఈ పాఠం పుస్తకం మూసి ఒక్క పూట నడిస్తే వస్తుంది.

ఇక మందు అన్న మాట. ఔషధం మందే, సారా మందే, తుపాకీలో కూరేదీ మందే, చేనుకు కొట్టే పురుగుల మందూ మందే. గ్రీకుల ‘ఫార్మకాన్’ కూడా ఔషధమూ విషమూ రెండూ అయినది. మన జిల్లాలో ఫార్మసిస్టు పురుగుల మందును గురించి తెలియనివాడై ఉండరాదు. ఆర్గనోఫాస్ఫేటు తాగినవారికి చొంగ కారుతుంది, చెమట పోస్తుంది, కనుపాపలు సూదిమొనలవుతవి. విరుగుడు అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్. అట్రోపిన్ వస్తే నోరు ఎండుతుంది, కనుపాప విచ్చుకొంటుంది. అది ఉమ్మెత్త కుటుంబపు మొక్కలలోనిది.

రోగి మాటలను కూడా ఇట్లాగే చదవటం నేర్వాలి. ‘మీకు అలెర్జీ ఉందా’ అని అడిగితే మా ఊళ్లో లేదనే చెబుతారు. ‘ఏ మందైనా పడదా’ అని అడిగి చూడండి. ఫలానా సూది వేస్తే ఒళ్లంతా దద్దుర్లు వచ్చినవని, పెన్సిలిన్ జాడ కళ్ల ముందు పెడతారు. ‘వేడి చేసింది’ అంటే అది నోటి పూత కావచ్చు, మూత్రంలో మంట కావచ్చు, విరేచనం కావచ్చు. నవ్వి ఊరుకోరాదు, ఇంకొక ప్రశ్న వేయాలి. మా ఫూఫీ గారి విషయంలో ఆ మాటే తొమ్మిది రోజులు జబ్బును కప్పిపెట్టినది.

రంజాను నెలలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. రోజుకు రెండుసార్ల మందును ఇఫ్తారుకు, సహరీకి సర్దవచ్చు. మూడుసార్ల మందును రోగి తనకు తోచినట్లు రెండింటికి కుదించుకొంటారు, లేదా మూడూ రాత్రే వేసుకొంటారు. అది వైద్యుని అడిగి మార్చవలసినది. చక్కెర వ్యాధికి గ్లైబెన్‌క్లమైడ్ వంటివి వాడేవారు ఉపవాసానికి ముందే వైద్యుని చూడాలి; పగలు చక్కెర 70కి దిగువకు పడితే ఉపవాసం విరమించవలసినదే. ప్రాణాపాయంలో విరమించటం ధర్మవిరుద్ధం కాదని చెప్పే నోరు మా పిల్లలకు ఉండాలి. ఈ మాట ఫార్మసీ పుస్తకంలో లేదు. కాని కొట్టు ముందుకు వచ్చేవారిలో ఇది అడిగేవారు ఉన్నారు.

ఆ వేసవి నుంచి మా వసారాలో ఒక రూళ్ల నోటుపుస్తకం మొదలైనది. మొదటి గడిలో మందు పేరు, రెండవ గడిలో తెలుగు వాక్యం, మూడవ గడిలో ఉర్దూ వాక్యం. నియమాలు రెండు. రోగి చిల్లర లెక్కపెట్టుకొనేలోగా చెప్పటం ముగియాలి. ఇంట్లో చదువుకోని పెద్దవారికి ఒకరికి వినిపించి, తిరిగి వారిచేత చెప్పించుకోవాలి. వారు చెప్పినది తప్పితే వాక్యం కొట్టివేయాలి, వారిని తప్పు పట్టరాదు. రిఫాంపిసిన్: “మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడి మందు ఆపకండి.” డాక్సీసైక్లిన్: “గ్లాసెడు నీళ్లతో వేసుకోండి, వెంటనే పడుకోకండి.” ఉబ్బసానికి స్టెరాయిడ్ పీల్చేవారికి: “పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయండి.” మెట్రోనిడజోల్ కు పిల్లలు మొదట “ఈ మందు వాడుతూ మందు పుచ్చుకోరాదు” అని వ్రాసినారు. మా ఇంటి పక్క తాతగారు విని, వేసుకోమంటారా వద్దంటారా అని అడిగినారు. అది కొట్టివేసి ‘సారా, కల్లు, బీరు’ అని వ్రాయవలసి వచ్చినది.

ఇప్పటికి ఎనభై మందులకు పైగా నిండినవి. ఇటీవల చింతపల్లి కుర్రవాడు పుస్తకం తీసుకొని స్కేలుతో నాలుగవ గడి గీసినాడు. ఎందుకని అడిగితే, మా కొండ మీది ఊళ్లలో కువి మాట్లాడే ముసలివారికి తెలుగు కూడా సరిగా రాదు సార్, మా నాయనమ్మను అడిగి వ్రాసుకొని వస్తాను అన్నాడు. మొదట ప్రైమాక్విన్, తరువాత ఓ.ఆర్.యస్. అడగమని చెప్పినాము. దసరా సెలవుల తరువాత తెస్తానన్నాడు.